తడి పలక మీద అమ్మ ఫొటో

ఫొటో కోసం గాజు పలకకి అప్పటికప్పుడు పూత పూసి, తడిగా ఉండగానే వాడే చాకిరీ పడలేకే, తర్వాత కొడక్ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్ 1880లో అమెరికాలోని రోచెస్టర్‌లో డ్రై ప్లేట్ల (ముందే పూసి ఆరబెట్టిన పలకల) తయారీ మొదలుపెట్టాడు. ఆ ఊళ్లోనే పాత తడి పలకల పద్ధతి, అంటే వెట్ కొలోడియన్, నేర్పే క్లాసుకి వెళ్లాను. మమ్మల్ని చూడ్డానికి అమెరికా వచ్చిన అమ్మని కూడా తీసుకెళ్లాను, ఫొటోకి కూర్చోవడానికి ఎవరో ఒకరు కావాలిగా.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన పద్ధతి ఇది. పూత పూసిన గాజు తడారేలోపు ఫొటో తీయడం, కడగడం కూడా అయిపోవాలి. టెన్షన్ అంతా అక్కడే.

ముందు సుద్దపొడి, ఆల్కహాల్‌తో గాజుని రుద్ది రుద్ది తుడవాలి. తర్వాత కొలోడియన్ అనే జిగురులాంటి ద్రవాన్ని మధ్యలో పోసి, ఒక్కో మూలకీ పారేలా వంచి, మిగిలింది చివరి మూల నుంచి సీసాలోకి వంపాలి. "గరిటె లేకుండా అట్టు పోస్తున్నావురా" అంది అమ్మ. అందులోని ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది. మన ఎండల్లో ఆ రోజుల్లో ఈ పని ఎలా చేశారో మహానుభావులు!

పూత కాస్త బిగిశాక ఎర్రలైటు గదిలో పూతకి వెలుగు పట్టే గుణం రావడానికి సిల్వర్ నైట్రేట్ తొట్టిలో మూడు నిమిషాలు ముంచి, హోల్డర్‌లో పెట్టి, కెమెరా దగ్గరికి పరుగు. పలక పెట్టాక మనకి మనిషి కనిపించదు. అందుకే ముందు ఫోకస్ చేసిన చోటు నుంచి కదలకుండా అమ్మ తల వెనక ఇనప స్టాండు ఆనించారు.

"నవ్వనా?"

"వద్దమ్మా, అంతసేపు నవ్వు నిలవదు."

లెన్స్ మూత తీసి, ఎనిమిది లెక్కపెట్టి మూశాను.

ఫెర్రస్ సల్ఫేట్ డెవలపర్‌ని ఒకే ఊపులో పోయాలి, చెయ్యి ఆగిందా, అక్కడ గీత. పావు నిమిషంలో రూపం తేలగానే నీళ్లు గుమ్మరించాలి. అప్పట్లో చాలామంది పలకని పొటాషియం సైనైడ్‌తో ఫిక్స్ చేసేవాళ్లు, అంటే బొమ్మ చెడకుండా నిలిపేవాళ్లు. మాకు దాని బదులు హైపో (సోడియం థయోసల్ఫేట్) ఇచ్చారు, బతికించారు. పాలలాంటి మసక కరుగుతుంటే అమ్మ ముఖం బయటపడింది.

"నల్లబొట్టేంట్రా? చీర కూడా వెలిసిపోయింది!"

ఈ పూతకి ఎరుపు దాదాపు కనిపించదు, నీలం మాత్రం బాగా తగులుతుంది. దాంతో కుంకుమ నల్లగా, పసుపుతాడు ముదురుగా, నీలం చీర తెల్లగా వచ్చాయి. అప్పటి స్టూడియోలవాళ్లు ఏ రంగు బట్టలు కట్టుకురావాలో ముందే చెప్పేది ఇందుకే.

బొమ్మ అద్దంలోలా తిరగబడి, పైట కుడి భుజం మీద ఉందని కూడా తనే పట్టుకుంది. ఆరిన పలకకి సాండరాక్ (ఒక చెట్టు బంక) వార్నిష్ పోసి, తిప్పి, పూత ఉన్న వైపు నల్లగుడ్డ పెడితే పైట ఎడమకి వచ్చింది. బొట్టుకి మాత్రం ఆ గుడ్డతో ఉపాయం లేదు.