జూరీ దోషి అన్నాక అప్పీలు: మా బావమరిది కేసు, నా అనుభవం

కాలిఫోర్నియాలో మా బావమరిదిని జూరీ, అంటే కేసు విని దోషా కాదా చెప్పే మామూలు పౌరుల బృందం, రాబరీ కేసులో దోషి అంది. షాపులో హెడ్‌ఫోన్స్ బ్యాగులో వేసుకున్నాడు, ఆ సంగతి కోర్టులో వాడే ఒప్పుకున్నాడు. తలుపు దగ్గర గార్డు ఆపితే బాక్స్ కింద పడేశాననీ, తోపులాట ఆ తర్వాతే జరిగిందనీ వాడంటాడు. బాక్స్ చేతిలో ఉండగానే తోశాడని గార్డు. కేసంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే సరుకు పట్టుకుపోతూ ఆపినవాణ్ణి తోస్తే అక్కడ దొంగతనం కాస్తా రాబరీ అయిపోతుంది, అక్కడి అప్పీలు కోర్టు 1983లో ఇచ్చిన ఎస్టెస్ తీర్పు చెప్పేది అదే. రాబరీలో తక్కువ తీవ్రత రకమైన సెకండ్ డిగ్రీకే 2, 3 లేదా 5 ఏళ్లు, పైగా రికార్డులో స్ట్రైక్, అంటే మళ్ళీ పెద్ద నేరం చేస్తే శిక్ష పెంచే మచ్చ. వాడికి రెండేళ్లు పడింది.

గుంటూరు నుంచి అత్తయ్య ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న: "పైకోర్టులో ఆ గార్డుని మళ్ళీ పిలిచి అడుగుతారు కదా బాబూ?" అడగరు అత్తయ్యా. ట్రయల్లో ఏం జరిగిందో టైపు చేసిన ట్రాన్‌స్క్రిప్టే చూస్తారు. మన దగ్గర జడ్జి కారణాలు రాస్తాడు, వాటి మీద వాదించొచ్చు. జూరీ గిల్టీ అని ఒక్క ముక్క చెప్పి ఇంటికెళ్లిపోతుంది, ఎవర్ని ఎందుకు నమ్మిందో చెప్పదు. కాబట్టి గార్డు అబద్ధమాడాడని ఎంత మొత్తుకున్నా లాభం లేదు, జడ్జి ఎక్కడ తప్పు చేశాడో వెతకాలి.

శిక్ష వేసిన రోజు నుంచి 60 రోజుల్లో నోటీస్ ఆఫ్ అప్పీల్ వేయాలి, అది ట్రయల్ లాయరే వేశాడు. డబ్బు లేదంటే అప్పీలు కోర్టే లాయర్ని ఇచ్చింది. ఉచితం కదా అని చిన్నచూపు చూడకండి, ఆవిడకి అప్పీళ్లే పని. ఆవిడ పట్టుకున్నది ట్రాన్‌స్క్రిప్టులో పేజీ కూడా నిండని సంభాషణ: జూరీకి దొంగతనం అనే చిన్న నేరాన్ని కూడా వివరించమని మా లాయరు అడిగాడు, జడ్జి కుదరదన్నాడు. ఇక జూరీ ముందున్నవి రెండే దారులు, రాబరీ అనడం లేదా వదిలేయడం. తీశానని తనే చెప్పినవాణ్ణి ఎవరు ఊరికే వదిలేస్తారు చెప్పండి?

తర్వాత బ్రీఫులు (రాతపూర్వక వాదనలు), గడువు పొడిగింపులు, టెన్షన్. తప్పు జరిగినా ఫలితం మారేది కాదని రాష్ట్రం తరఫున వాదించే అటార్నీ జనరల్ ఆఫీసు వాదన. ముగ్గురు జడ్జీల్లో ఒకాయన మాత్రం, బాక్స్ తలుపు పక్కన నేల మీద నుంచి తీశానని గార్డే చెప్పిన లైను చదివి, దీనికేమంటారని అడిగాడు.

రాబరీ తీర్పును రద్దు చేశారు. ప్రాసిక్యూటర్ మళ్ళీ ట్రయల్ పెట్టుకోవచ్చు, లేదా చిన్న దొంగతనంగా తగ్గించడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు. దానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలు, వాడు అప్పటికే అంతకు రెట్టింపు పైనే జైల్లో ఉన్నాడు. ఆ అదనపు నెలల గురించి తీర్పులో ఒక్క మాట లేదు.