కెర్నెల్ డీబగ్గర్‌కు సీరియల్ పోర్టు అమర్చుకోవడం

విజయనగరంలో పాత డెస్క్‌టాప్ ఏదైనా బేరానికి వచ్చిందంటే, నేను ముందుగా దాని వెనుక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉందో లేదో చూస్తాను. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) లోపలి తప్పులు వెతికేవారికి ఆ పోర్టు ఇప్పటికీ అవసరమే.

2008లో లైనక్స్ 2.6.26తో ప్రధాన కెర్నెల్‌లో చేరిన కేజీడీబీ, అంటే ఒక యంత్రపు కెర్నెల్‌ను మరో యంత్రం నుంచి నిలిపి పరీక్షించే డీబగ్గర్, పనిచేసే తీరే ఇందుకు కారణం. డీబగ్గర్ యంత్రాన్ని నిలిపినప్పుడు ప్రాసెసర్లన్నీ ఆగిపోతాయి, ఇంటరప్టులు (పరికరాలు ప్రాసెసర్‌కు పంపే పిలుపులు) పనిచేయవు. యూఎస్‌బీ వంటివి ఆ ఇంటరప్టుల మీదా, పొరలు పొరలుగా ఉన్న డ్రైవర్ల మీదా ఆధారపడతాయి కాబట్టి ఆ స్థితిలో వాటిని నమ్ముకోలేము. మామూలు పీసీలో మొదటి సీరియల్ పోర్టు మాత్రం హెక్సా 3ఎఫ్8 చిరునామా దగ్గర ఉంటుంది. అక్కడి రిజిస్టర్లను పదేపదే చదువుతూ ఒక్కొక్క బైటునే పంపవచ్చు, అందుకోవచ్చు. అందువల్ల పరీక్షకు పెట్టిన యంత్రానికి అసలైన పోర్టు కావాలి. గమనించే లాప్‌టాప్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ చాలు.

రెండు పీసీల మధ్య నల్ మోడెమ్ కేబుల్, అంటే ఒకవైపు పంపే తీగ మరోవైపు అందుకునే పిన్నుకు చేరే కేబుల్, ఉండాలి. దుకాణంలో ఉత్త సీరియల్ కేబుల్ అని అడిగితే తిన్నగా కలిపినదే చేతికిచ్చే అవకాశం ఎక్కువ కనుక, టీవీలు బాగుచేసే వారి చేత 2, 3 పిన్నులను అడ్డంగా మార్చి, 5ను 5కే కలిపి మూడు తీగలు అతికించుకోవడం మేలని నా అభిప్రాయం. తీగలు మూడే కాబట్టి హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (వేరే తీగల ద్వారా ఆగమని, పంపమని చెప్పుకునే పద్ధతి) ఆపివేయాలి. 3.3 వోల్టుల బోర్డు పిన్నులకు మాత్రం ఈ కేబుల్‌ను నేరుగా తగిలించకూడదు, బోర్డు కాలిపోవచ్చు.

వేగం రెండు వైపులా ఒకటే కావాలి, లేకపోతే తెరపై పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. ఎనిమిది డేటా బిట్లకు స్టార్ట్, స్టాప్ బిట్లు కలిస్తే బైటుకు పది బిట్లు అవుతాయి కాబట్టి, సెకనుకు 115200 బిట్ల వేగంలో సెకనుకు 11520 బైట్లు వెళతాయి. లాప్‌టాప్‌లో నడిచే డీబగ్గర్ ప్రోగ్రామ్ జీడీబీ మెమరీని బైటుకు రెండు హెక్సా అక్షరాలుగా అడుగుతుంది కనుక 4096 బైట్ల పేజీ 8192 అక్షరాలవుతుంది. దానికి 115200లో ముప్పావు సెకను లోపే పడితే, 9600లో ఎనిమిదిన్నర సెకన్లు పడుతుంది. గత్యంతరం లేనప్పుడు తప్ప 9600 జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

కెర్నెల్‌కు మొదలయ్యేటప్పుడు ఇచ్చే బూట్ వరుసలో, ఏ పోర్టు వాడాలో చెప్పే కేజీడీబీఓసీ (kgdboc)కి విలువగా టీటీవైఎస్0,115200 (ttyS0,115200) ఇచ్చి, దాని తరువాతనే డీబగ్గర్ కలిసేదాకా ఆగమనే కేజీడీబీవెయిట్ (kgdbwait) రాయాలి. క్రమం తారుమారైతే పోర్టు సిద్ధం కాకముందే కెర్నెల్ దాని కోసం ఎదురుచూడబోతుంది. కెర్నెల్ చిరునామాలు ప్రతి బూట్‌కూ మారకుండా నోకేఏఎస్ఎల్ఆర్ (nokaslr) కూడా చేర్చాలి, లేకుంటే బ్రేక్‌పాయింట్లు (కెర్నెల్ ఆగాలని మనం పెట్టే గుర్తులు) తప్పుడు చోట పడతాయి. ఇక లాప్‌టాప్‌లో జీడీబీని కలిపే ముందు మినీకామ్‌ను (సీరియల్ పోర్టులో వచ్చేది చూపే ప్రోగ్రామ్) మూసివేయాలి. ఒకే పోర్టును ఇద్దరు చదివితే ఒకరికి రావలసిన బైట్లు మరొకరు లాక్కుంటారు.