ఆవర్తన పట్టిక: బట్టీ పట్టాల్సింది ఏడు సంఖ్యలే

118 మూలకాలనూ వరసపెట్టి వల్లె వేసినవాళ్లు కూడా ఈ చాప్టర్‌లో మార్కులు పోగొట్టుకుంటారు. పేర్లు మర్చిపోయి కాదు, పేర్లన్నీ నోటికే ఉంటాయి. నైట్రోజన్, ఆక్సిజన్‌లలో దేని అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావాల్సిన శక్తి) ఎక్కువ అని అడిగేసరికి, ఎడమ నుంచి కుడికి పెరుగుతుందని చదివాం కదా అనుకుని ఆక్సిజన్‌కు టిక్కు పెట్టేసి వస్తారు. జవాబు నైట్రోజన్. పేపర్ తయారుచేసేవాళ్ల కన్ను ఎప్పుడూ నియమం మీద కన్నా అది తప్పే చోట మీదే ఉంటుంది. అందుకని చదివే వరస మార్చుకోండి: ముందు పట్టిక చట్రం, తర్వాత కేంద్రకం లాగుడు, దాన్నుంచి మినహాయింపులు. బట్టీ అన్నిటికన్నా చివర.

చట్రం

2, 10, 18, 36, 54, 86, 118. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్, ఒగనెస్సాన్. నిద్రలో లేపి అడిగినా చెప్పాల్సినవి పద్దెనిమిదో గ్రూపు (నిలువు వరస) జడవాయువుల ఈ ఏడు సంఖ్యలే. ఒక్కో పీరియడ్ (అడ్డ వరస) ముగిసేది వీటి దగ్గరే. మొదటి పీరియడ్‌లో 2 మూలకాలు, ఆ తర్వాత 8, 8, 18, 18, 32, 32. ఎలక్ట్రాన్ల పొరలైన కర్పరాల్లో ఉపకర్పరాలు నాలుగు రకాలు: ఎస్‌లో 2, పి‌లో 6, డి‌లో 10, ఎఫ్‌లో 14 ఎలక్ట్రాన్లు పడతాయి. 2, 6 కలిస్తే ఎనిమిది. దానికి 10 చేరితే పద్దెనిమిది, ఇంకో 14 చేరితే ముప్ఫై రెండు. పీరియడ్ల పొడవులు వచ్చింది ఇలాగే.

పరమాణు సంఖ్య ఇచ్చి గ్రూపు, పీరియడ్ అడిగితే ఎలక్ట్రాన్ విన్యాసం (ఏ ఉపకర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లో) మొత్తం రాస్తూ కూర్చోకండి. దానికి ముందున్న జడవాయువు సంఖ్యను తీసేయండి. 33 అనుకుందాం. 18కీ 36కీ మధ్య ఉంది కాబట్టి నాలుగో పీరియడ్. 33లోంచి 18 పోతే 15. గ్రూపు 15, ఆర్సెనిక్. 52లోంచి 36 పోతే 16, టెల్లూరియం. నాలుగు, ఐదు పీరియడ్లలో మిగిలిందే గ్రూపు.

రెండు, మూడు పీరియడ్లలో డి బ్లాక్ లేదు. కాబట్టి మిగిలింది 2 దాటితే దానికి 10 కలపాలి. ఫాస్ఫరస్ 15, అందులో 10 పోతే 5, మళ్లీ 10 కలిపితే గ్రూపు 15. ఆరు, ఏడు పీరియడ్లలో దీనికి తిరగబడ్డ లెక్క. మధ్యలో ఎఫ్ మూలకాలు దూరాయి కాబట్టి మిగిలింది 18 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే 14 తీసేయాలి. సీసం 82, 54 పోతే 28, ఇంకో 14 పోతే గ్రూపు 14. బంగారం 79, 25, ఆపైన 11. మిగిలింది 4 నుంచి 17 లోపు వస్తే ఆరో పీరియడ్‌లో లాంథనైడ్, ఏడో దాంట్లో ఆక్టినైడ్. హీలియం ఒక్కటి ఈ లెక్కకు లొంగదు. విన్యాసం ఎస్ బ్లాక్‌ది, చోటు 18వ గ్రూపులో.

మూడో గ్రూపులో లాంథనమ్ ఉండాలా లుటీషియం ఉండాలా అన్నది శాస్త్రవేత్తల మధ్యే తెగని తగువు. మీ సిలబస్ పుస్తకంలో ఏది ఉంటే అదే రాయండి, ఎగ్జామ్ హాల్లో తీర్పు చెప్పే పని పెట్టుకోకండి.

ఇక ఖాళీ పట్టిక గీయడం. కాగితం అడ్డంగా పెట్టి 18 నిలువు వరసలు, 7 అడ్డ వరసలు గీయండి. కింద విడిగా పద్నాలుగేసి గడుల వరసలు రెండు. మొదటి వారం 36 దాకా నింపితే చాలు. గుర్తుతో పాటు పరమాణు సంఖ్య కూడా రాయాలి, లేకపోతే ఒక గడి జరిగినా తెలియదు. దాదాపు అందరూ తప్పేది ఒకే చోట: మెగ్నీషియం పక్క గడిలోనే అల్యూమినియం రాసేస్తారు. బెరీలియం తర్వాతా, మెగ్నీషియం తర్వాతా పది గడులు ఖాళీగా వదలాలి. డి బ్లాక్ మొదలయ్యేది నాలుగో పీరియడ్‌లో, 21వ మూలకం స్కాండియం దగ్గర. కొండగుర్తుల వాక్యాలు పి బ్లాక్ గ్రూపుల వరకు పనికొస్తాయి. పట్టిక మొత్తానికీ వాక్యాలు కట్టుకుంటే, ఆ వాక్యాలు గుర్తుపెట్టుకోవడానికి ఇంకో కొండగుర్తు కావాలి.

కేంద్రకం ఎంత లాగుతోంది?

బయటి ఎలక్ట్రాన్‌ను కేంద్రకం ఎంత గట్టిగా లాగుతోంది, ఆ ఎలక్ట్రాన్ ఎంత దూరంలో ఉంది. వ్యాసార్థం, అయనీకరణ శక్తి, ఎలక్ట్రాన్ అఫినిటీ (ఎలక్ట్రాన్ చేరినప్పుడు విడుదలయ్యే శక్తి), రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) అన్నీ ఈ రెంటి మీదే నడుస్తాయి. లాగుడును అంకెల్లో చూడాలంటే స్లేటర్ నియమాలు నేర్చుకోండి. సిలబస్‌లో లేకపోయినా అరగంట పెట్టదగ్గ పని.

బయటి కర్పరంలోని ఎస్ లేదా పి ఎలక్ట్రాన్‌కు, అదే కర్పరంలోని తోటి ఎలక్ట్రాన్ ఒక్కోటి 0.35 అడ్డుపడుతుంది. ఒక కర్పరం లోపలిది 0.85, ఇంకా లోపలివి ఒక్కోటి 1. ఈ మొత్తాన్ని పరమాణు సంఖ్యలోంచి తీసేస్తే ప్రభావక కేంద్రకావేశం వస్తుంది. లిథియంకు 3లోంచి 1.7 పోతే 1.3. ఫ్లోరిన్‌కు 9లోంచి 3.8 పోతే 5.2. రెండో పీరియడ్‌లో ఒక్కో గడి జరిగే కొద్దీ 0.65 చొప్పున లాగుడు పెరుగుతుంది, కర్పరం మాత్రం అదే. అందుకే లిథియం వ్యాసార్థం 152 పికోమీటర్లుంటే ఫ్లోరిన్‌ది 64కు కుంచించుకుపోయింది.

ఇప్పుడు గ్రూపులో కిందికి దిగండి. సోడియంకు 2.2, పొటాషియంకూ 2.2. లాగుడులో తేడా లేదు, కర్పరం ఒకటి పెరిగింది. కాబట్టి పరమాణువు పెద్దదవుతుంది.

స్కాండియంలో 4ఎస్ ఎలక్ట్రాన్‌కు ఈ లెక్క 3.0 ఇస్తుంది, జింక్‌లో 4.35. తొమ్మిది ప్రోటాన్లు చేరితే పెరిగింది 1.35 మాత్రమే. కొత్త ఎలక్ట్రాన్లు లోపలి 3డి‌లోకి వెళ్లి ఒక్కోటి 0.85 అడ్డుకోవడం వల్ల ఇలా అయింది. పరివర్తన మూలకాల సైజుల్లో, అయనీకరణ శక్తుల్లో పెద్ద తేడాలు కనపడకపోవడానికి కారణం ఇదే. పది ప్రోటాన్ల లాగుడును పూర్తిగా దాచలేని డి ఎలక్ట్రాన్ల వల్లే గాలియం అల్యూమినియం కన్నా చిన్నది: 135, 143. గ్రూపులో కిందికి పెరగాలి అనే నియమం ఇక్కడ దెబ్బతింటుంది. ఎఫ్ ఎలక్ట్రాన్లు ఇంకా అసమర్థులు. అందుకే లాంథనైడ్ల వరసలో పరమాణువులు కుంచించుకుపోతాయి, దీన్నే లాంథనైడ్ సంకోచం అంటారు. దానివల్ల జిర్కోనియం 160, హాఫ్నియం 159, దాదాపు కవలలు. అందుకే ఈ రెంటినీ వేరుచేయడం అంత కష్టం.

వ్యాసార్థాల్లో ఇంకో ఉచ్చు జడవాయువులది. పట్టికల్లో నియాన్ సైజు ఫ్లోరిన్ కన్నా పెద్దగా కనిపిస్తుంది. నియాన్‌కు ఇచ్చేది వాండర్ వాల్స్ వ్యాసార్థం, ఫ్లోరిన్‌కు ఇచ్చేది సమయోజనీయ వ్యాసార్థం. కొలిచిన పద్ధతే వేరు కాబట్టి పోల్చకూడదు. పికోమీటర్ల విలువలు కూడా పుస్తకానికీ పుస్తకానికీ కొంచెం మారతాయి. వరస పట్టుకోండి, అంకెను కాదు.

అయనీకరణ శక్తి: రెండు గుంటలు

అంకెలు గుర్తుపెట్టుకోదగ్గ చోటు ఒక్కటే ఉంది, రెండో పీరియడ్. కిలోజౌళ్లలో, మోల్‌కు: లిథియం 520, బెరీలియం 899, బోరాన్ 801, కార్బన్ 1086, నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314, ఫ్లోరిన్ 1681, నియాన్ 2080. గ్రాఫ్ గీస్తే ఎక్కుతూ ఎక్కుతూ రెండు చోట్ల గుంటలో పడుతుంది, బోరాన్ దగ్గరా ఆక్సిజన్ దగ్గరా. బోరాన్‌లో ఊడాల్సింది 2పి ఎలక్ట్రాన్. అది 2ఎస్ కన్నా ఎక్కువ శక్తిలో ఉంది కాబట్టి తేలిగ్గా వస్తుంది. నైట్రోజన్‌లో మూడు పి ఆర్బిటాళ్లలో ఒక్కొక్కటే కూర్చుంది. ఆక్సిజన్‌లో నాలుగోది వచ్చి ఒకదానితో జత కట్టాలి, అక్కడ వికర్షణ ఎక్కువ. సగం నిండిన విన్యాసానికి స్థిరత్వం అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే వివరణ ప్రశ్నల్లో పూర్తి మార్కులు రావు. ఈ జత సంగతి కూడా రాయాలి.

గమనించారా, గుంటలో పడ్డది పక్క గడితోనే తారుమారైంది, అంతకు మించి వెనక్కి పోలేదు. బోరాన్ బెరీలియంకు తగ్గింది కానీ లిథియంకు తగ్గలేదు. ఆక్సిజన్ నైట్రోజన్‌కు తగ్గింది కానీ కార్బన్‌కు తగ్గలేదు. మూడో పీరియడ్‌లోనూ ఇదే తీరు: సోడియం, అల్యూమినియం, మెగ్నీషియం, సిలికాన్, సల్ఫర్, ఫాస్ఫరస్, క్లోరిన్, ఆర్గాన్. ఫాస్ఫరస్‌కు 1012, సల్ఫర్‌కు 1000. తేడా చిన్నది, ప్రశ్న మాత్రం ఖాయంగా ఉంటుందనుకోండి.

వరస అయనీకరణ శక్తులిచ్చి మూలకం ఏ గ్రూపుదో చెప్పమంటే గెంతు ఎక్కడుందో వెతకండి. 577, 1816, 2744, 11577. మూడోదాని తర్వాత నాలుగు రెట్లు గెంతింది కాబట్టి బయటి ఎలక్ట్రాన్లు మూడు. అల్యూమినియం.

ఎలక్ట్రాన్ అఫినిటీ, మిగతావి

ఇక్కడ పొరపాటు గుర్తుతో మొదలవుతుంది. అఫినిటీ 349 అన్నా, ఎలక్ట్రాన్ గ్రహణ ఎంథాల్పీ మైనస్ 349 అన్నా ఒకటే. 'అత్యంత రుణాత్మకం' అని అడిగితే పెద్ద అఫినిటీ ఉన్నదే జవాబు. ప్రశ్నలో ఏ పదం వాడారో గీత గీసుకుని మరీ చదవండి. క్లోరిన్ 349, ఫ్లోరిన్ 328, బ్రోమిన్ 325, అయోడిన్ 295. ఫ్లోరిన్ మరీ చిన్నది. వచ్చే ఎలక్ట్రాన్‌ను అక్కడ ఇరుగ్గా ఉన్న ఎలక్ట్రాన్లే తోసేస్తాయి. ఆక్సిజన్‌కు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది: సల్ఫర్ 200, సెలీనియం 195, టెల్లూరియం 190, ఆక్సిజన్ 141. అంటే గ్రూపులో ఆఖరికి పోయింది. ఫ్లోరిన్ రెండో స్థానంలో ఉంటే ఆక్సిజన్ అంతకన్నా కిందికి దిగింది, ఈ రెంటినీ ఒకే గాటన కట్టకండి.

రుణవిద్యుదాత్మకతలో మాత్రం ఫ్లోరిన్‌దే పైచేయి. పౌలింగ్ స్కేలు మీద ఫ్లోరిన్ 4.0, ఆక్సిజన్ 3.5, నైట్రోజన్ 3.0. ఇది బంధంలో ఉన్న పరమాణువు లక్షణం, శక్తి కాదు. దీనికి యూనిట్లు రాస్తే తప్పు.

డి బ్లాక్ విన్యాసాల్లో క్రోమియం 3డి⁵ 4ఎస్¹, కాపర్ 3డి¹⁰ 4ఎస్¹ అని అందరికీ వస్తుంది. అయాన్ల దగ్గర తడబడతారు. ఐరన్ 3డి⁶ 4ఎస్². రెండు ఎలక్ట్రాన్లు పోతే 3డి⁶ మిగులుతుంది, 3డి⁴ 4ఎస్² కాదు. నిండేటప్పుడు ముందు నిండినా ఊడేటప్పుడు ముందు ఊడేది 4ఎస్సే.

థాలియం +1, సీసం +2, బిస్మత్ +3 స్థితుల్లో స్థిరంగా ఉండటం జడ ఎలక్ట్రాన్ జంట ప్రభావం (బయటి ఎస్ జంట బంధాల్లో పాల్గొనకపోవడం). లిథియం–మెగ్నీషియం, బెరీలియం–అల్యూమినియం, బోరాన్–సిలికాన్‌లది కర్ణ సంబంధం (పట్టికలో ఐమూలగా ఉన్నవాటి మధ్య పోలిక). రెంటినీ ఒక్కసారి చూసుకుంటే చాలు. చరిత్రలో పట్టుకోవాల్సింది కొంచెమే. 1869లో మెండలీవ్ పరమాణు భారాల ప్రకారం పేర్చాడు, ఏకా-అల్యూమినియం అని ఖాళీ వదిలిన చోటికి 1875లో గాలియం వచ్చింది. ఏకా-బోరాన్ గడిలోకి 1879లో స్కాండియం, ఏకా-సిలికాన్ గడిలోకి 1886లో జెర్మేనియం వచ్చాయి. 1913లో మోస్లే ఎక్స్-కిరణాలతో పరమాణు సంఖ్యే అసలు ఆధారమని తేల్చాడు. ఆర్గాన్–పొటాషియం, కోబాల్ట్–నికెల్, టెల్లూరియం–అయోడిన్ జంటలు భారం ప్రకారం తలకిందులుగా ఉండటంలోని చిక్కు దాంతో వీడిపోయింది.

కలిపి ఒక లెక్క

సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్‌లను రెండో అయనీకరణ శక్తి పెరిగే క్రమంలో పెట్టండి. మొదటి అయనీకరణ శక్తి వరసను గుర్తుచేసుకుని రాస్తే తప్పడం ఖాయం. ముందు ఒక్కో ఎలక్ట్రాన్ తీసేసి, మిగిలిన అయాన్‌ను చూడాలి. సోడియం అయాన్‌ది నియాన్ విన్యాసం, దాన్ని ముట్టుకోవడమే కష్టం, చివర పెట్టేయండి. మెగ్నీషియం అయాన్ బయట 3ఎస్¹, అల్యూమినియం అయాన్ 3ఎస్², సిలికాన్ అయాన్ 3ఎస్² 3పి¹. సిలికాన్ అయాన్ నుంచి పోయేది పి ఎలక్ట్రాన్, అల్యూమినియం అయాన్ నుంచి పోయేది జత కూడిన ఎస్ ఎలక్ట్రాన్. ఇందాకటి బోరాన్ గుంటే ఒక గడి కుడికి జరిగి సిలికాన్ దగ్గర పడింది. గుంట పక్క గడితోనే తారుమారు చేస్తుంది కాబట్టి సిలికాన్ అల్యూమినియంకు తగ్గుతుంది, మెగ్నీషియంకు తగ్గదు. మెగ్నీషియం 1451, సిలికాన్ 1577, అల్యూమినియం 1816, సోడియం 4562.

ఇదే పద్ధతిలో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల రెండో అయనీకరణ శక్తుల్ని పేర్చి చూడండి. ఆక్సిజన్ అన్నిటికన్నా పైన రాకపోతే, ఎలక్ట్రాన్ తీసేయకుండానే పోల్చారన్నమాట.