అనియేనె లోయలో పునీత బెనెదిక్తు గుహకు

రోము నగరానికి తూర్పున దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, సింబ్రుయీని పర్వతాల నడుమ అనియేనె నది కోసుకుపోయిన ఇరుకైన లోయలో సుబియాకో అనే చిన్న పట్టణం ఉంది. పాశ్చాత్య క్రైస్తవ లోకంలో మఠజీవనానికి ఒక క్రమాన్ని ఏర్పరచిన పునీత బెనెదిక్తు, యౌవనంలో మూడేళ్లపాటు ఒంటరిగా ప్రార్థనలో గడిపిన గుహ ఈ ఊరి పైనున్న కొండచరియలోనే ఉంది. రోము యాత్రకు వచ్చే మనవాళ్లలో చాలామంది పునీత పేతురు మహాదేవాలయాన్ని దర్శించుకొని, వీలుంటే పునీత ఫ్రాన్సిస్ ఊరైన అస్సీసీ కూడా చూసుకొని తిరుగు ప్రయాణం కడతారు. సుబియాకో వారి జాబితాలో సాధారణంగా ఉండదు. అది ఉండి తీరాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

రోములో దైవశాస్త్రం చదువుకుంటున్న మా పెదనాన్నగారి అమ్మాయి, మఠకన్య, నాతో వచ్చింది. పొంతె మమ్మొలో మెట్రో స్టేషను దగ్గర కొత్రాల్ సంస్థ బస్సు ఎక్కాము. మైదానం దాటి కొండలు మొదలయ్యాక వికోవారో అనే ఊరు వస్తుంది. అక్కడి సన్యాసులు బెనెదిక్తును తమకు పెద్దగా ఉండమని బతిమాలి తీసుకువెళ్లి, ఆయన క్రమశిక్షణను భరించలేక ద్రాక్షారసంలో విషం కలిపి ఇచ్చారనీ, ఆయన సిలువ గుర్తు వేయగానే ఆ పాత్ర పగిలిపోయిందనీ పోపు పునీత గ్రెగోరీ ఆరో శతాబ్దం చివర రాసిన ఆయన చరిత్రలో ఉంది. మన కతోలిక కుటుంబాలు ఎన్నో గుమ్మం పైనా, జపమాలకూ కట్టుకొనే బెనెదిక్తు పతకం మీద కనిపించే పగిలిన పాత్ర అదే. చిన్ననాటి నుంచి మెడలో వేసుకున్న బొమ్మ వెనుక ఉన్న ఊరు కిటికీ పక్కనుంచి సాగిపోతుంటే కలిగిన భావాన్ని మాటల్లో పెట్టడం కష్టం.

లోయ లోపలికి వెళ్లేకొద్దీ నది రోడ్డుకు దగ్గరవుతుంది. ఈ సున్నపురాతి కొండల్లో ఊటలు పుష్కలం. రోము నగరానికి నీరు మోసిన మార్చియా, క్లౌదియా, అనియో నోవుస్ కాలువలు మూడూ ఈ లోయ నుంచే బయలుదేరాయి. వీటిలో చివరి రెండింటి పని క్రీ.శ. 38లో మొదలై క్లౌదియుస్ చక్రవర్తి హయాంలో 52లో ముగిసింది. తరువాత నీరో చక్రవర్తి ఇక్కడ తన విహారానికి పెద్ద భవనం కట్టించుకొని, నదికి అడ్డంగా ఆనకట్టలు వేయించి సరస్సులు ఏర్పరిచాడు. వాటిలో ఎత్తైనది 40 మీటర్లకు తక్కువ కాదని చెబుతారు. క్రీ.శ. 60లో ఇక్కడ అతడు భోజనానికి కూర్చున్నప్పుడు బల్ల మీద పిడుగు పడిందని చరిత్రకారుడు తాసితుస్ రాశాడు. చివరి ఆనకట్ట 1305లో వరదకు కొట్టుకుపోయింది. ఇప్పుడు కొండ ఎక్కే దారిలో ఆ భవనపు మొండిగోడలు, ఇటుక కమానుల ముక్కలు కనిపిస్తాయి, అంతే. అయితే బెనెదిక్తు వచ్చేనాటికి, అంటే సుమారు క్రీ.శ. 500 నాటికి, సరస్సు నిండుగా ఉండేది. నీళ్లు తేవడానికి వెళ్లిన ప్లచీదుస్ అనే బాలుడు ప్రవాహంలో కొట్టుకుపోతుంటే, బెనెదిక్తు ఆజ్ఞ విని పరుగెత్తిన శిష్యుడు మౌరుస్ నీటిమీద నడుస్తున్నానన్న స్పృహ కూడా లేకుండా వెళ్లి అతన్ని జుట్టు పట్టి లాక్కొచ్చాడని గ్రెగోరీ చెప్పిన వృత్తాంతం జరిగింది ఆ నీటిలోనే.

ఊరి నుంచి నడిచి వెళ్లే దారిలో మొదట పునీత స్కొలాస్తిక మఠం వస్తుంది. స్కొలాస్తిక బెనెదిక్తు సోదరి. ఆయన ఈ లోయలో పన్నెండు మఠాలు స్థాపించి, ఒక్కొక్క దానిలో పన్నెండుమంది సన్యాసులను ఉంచాడు. ఆ పన్నెండింటిలో నేటికీ నిలిచి ఉన్నది ఇదొక్కటే. లోపల మూడు ముంగిళ్లు ఒకదాని తరువాత ఒకటి ఉన్నాయి. మొదటిది 1944 నాటి బాంబుదాడుల్లో దెబ్బతిన్న తరువాత మళ్లీ కట్టినది, రెండోది గోతిక్ శైలిలోనిది, మూడోది 13వ శతాబ్దంలో కొస్మాతి కుటుంబపు శిల్పులు జంట స్తంభాలతో అందంగా తీర్చినది. 18వ శతాబ్దంలో తెల్లగా, నిరాడంబరంగా మార్చిన దేవాలయం లోపలి భాగం నన్ను అంతగా ఆకట్టుకోలేదు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ముద్రణ చరిత్ర దగ్గర. కోన్రాడ్ స్వైన్‌హైమ్, ఆర్నోల్డ్ పన్నార్ట్స్ అనే ఇద్దరు ముద్రాపకులు జర్మనీ నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చి ఇటలీ దేశపు తొలి ముద్రణాలయాన్ని ఈ మఠంలోనే నెలకొల్పారు. అప్పట్లో ఇక్కడి సన్యాసుల్లో జర్మనులు చాలామంది ఉండడం వల్ల వారికి ఈ మారుమూల లోయలో ఆశ్రయం దొరికింది. 1465లో తొలినాటి క్రైస్తవ రచయిత లక్తాన్సియుస్ రచనలనూ, 1467లో పునీత అగుస్తీను రాసిన దేవుని నగరం గ్రంథాన్నీ వారు ఇక్కడ అచ్చువేసి, ఆ తరువాత రోముకు తరలిపోయారు. అక్షరాన్ని చేతితో రాసి కాపాడిన సన్యాసులే అచ్చు యంత్రానికి కూడా తలుపు తెరిచారన్న విషయం నాకు ఎంతో ఆనందాన్ని కలిగించింది.

అక్కడి నుంచి సాక్రో స్పేకోకు, అంటే పవిత్ర గుహకు, దారి ఇంకా పైకి వెళుతుంది. చివరి మలుపులో వయసుమళ్లిన ఓక్ చెట్ల తోపు ఉంది. వంకరలు తిరిగిన మొదళ్ల మధ్య నుంచి నడుస్తుంటే మఠం ఒక్కసారిగా ఎదుట నిలుస్తుంది. తలైయో కొండ నిటారు చరియకు ఆనించి, కింద తొమ్మిది పెద్ద కమానుల మీద నిలబెట్టిన కట్టడం అది. లోపల ఒక గోడ మనిషి కట్టినదైతే ఎదురు గోడ కొండే. రాయి ఎక్కడ ముందుకు పొడుచుకు వస్తే అక్కడ దేవాలయం పక్కకు తప్పుకొంది. పై దేవాలయం నుంచి మెట్లు దిగితే కింది దేవాలయం, దాని పక్కనే గుహ. గోడలూ కప్పులూ అంతటా బెనెదిక్తు జీవిత ఘట్టాల కుడ్యచిత్రాలే. వీటిలో కొన్ని 13వ శతాబ్దంలో కొన్సోలుస్ అనే చిత్రకారుడు వేసినవి.

గుహ చాలా చిన్నది. అందులో ప్రసిద్ధ శిల్పి బెర్నీని శిష్యుడు అంతోనియో రాజ్జి 1657లో చెక్కిన పాలరాతి విగ్రహం ఉంది. ఇంకా గడ్డం కూడా రాని యువకుడు సిలువ వైపు చూస్తుంటాడు. పక్కన రొట్టెల బుట్ట. కొండ పైనున్న మఠంలోని రొమానుస్ అనే సన్యాసి, మేడ మీద నుంచి బుట్టకు తాడు కట్టి వీధిలోకి దించినట్టుగా, ఈ చరియ మీదుగా రొట్టెను తాడుతో దించేవాడు; తాడుకు చిన్న గంట కట్టి ఉండేది. సాతాను రాయి విసిరి ఆ గంటను పగలగొట్టినా రొమానుస్ మానలేదు. అక్క మోకాళ్ల మీద నుంచి లేచి ఆ బుట్ట వైపు చూపిస్తూ, "ఇది మిగిలిన రొట్టె కాదు తమ్ముడూ, ఆయన తన భోజనంలో తగ్గించుకొని పంపిన రొట్టె" అంది. లోకం నుంచి అంతగా దూరమైన బెనెదిక్తుకు ఒక ఏడాది ఈస్టర్ పండుగ వచ్చిన సంగతి కూడా తెలియదు. దేవుని ప్రేరణతో భోజనం తీసుకొని వెతుక్కుంటూ వచ్చిన ఒక దేవాలయ గురువు చెబితేనే తెలిసింది. ఆ ఏకాంతం కూడా ఇద్దరు మనుషుల దయ మీద నిలబడిందని ఆ రాతి ముందు కూర్చున్నప్పుడు నాకు స్పష్టంగా తోచింది.

గుహ దాటి దిగే పవిత్ర సోపానం గోడ మీద మృత్యువు గుర్రమెక్కి కత్తితో యువకుల మీదికి దూకుతున్న 14వ శతాబ్దపు చిత్రం ఉంది. తమను తీసుకుపొమ్మని వేడుకొనే ముసలివాళ్లనూ బీదలనూ అది వెనుకే వదిలేసి పోతుంది. ఇంకా కిందికి దిగితే గొర్రెల కాపరుల గుహ. చర్మాలు తొడుక్కున్న బెనెదిక్తును మొదట అడవి మృగమనుకొని భయపడిన కాపరులకే ఆయన తొలి బోధ చేశాడు. దీనికి భిన్నంగా పైన పునీత గ్రెగోరీ ప్రార్థనాలయంలో అస్సీసీ ఫ్రాన్సిస్ చిత్రం ఉంది. తలచుట్టూ కాంతివలయం లేదు, చేతులపై క్రీస్తు పంచగాయాల గుర్తులు లేవు, పేరుకు ముందు సహోదరుడు అని మాత్రమే ఉంది. ఆయన గాయాలు పొందింది 1224లో, పునీతునిగా ప్రకటించింది 1228లో కాబట్టి, ఆయన జీవించి ఉండగానే వేసిన చిత్రమని చాలామంది నమ్ముతారు. చేతిలోని పత్రంలో "ఈ ఇంటికి సమాధానము కలుగునుగాక" అన్న సువార్త వాక్యం ఉంది. బెనెదిక్తు శోధనను జయించడానికి ఒళ్లంతా రక్తమయ్యేలా పొర్లిన ముళ్లపొదకు ఫ్రాన్సిస్ గులాబీలు అంటుకట్టాడన్నది సంప్రదాయం. ఆ చిన్న తోట నేటికీ ఉంది.

ఊరికి తిరిగి వచ్చాక, 14వ శతాబ్దపు ఒంటి కమాను వంతెన పొంతె సాన్ ఫ్రాంచెస్కోనూ, ఆరో పియూస్ పోపు గౌరవార్థం కట్టిన ద్వారాన్నీ చూశాము. కొండ మీది కోటలో 1480లో లుక్రెజియా బోర్జా పుట్టింది. అప్పుడు ఆమె తండ్రి, తరువాత ఆరో అలెగ్జాండర్ పోపు అయిన కార్డినల్ బోర్జా, ఈ మఠాల మీద అధికారి. దానికన్నా నన్ను కదిలించిన సంగతి మన కాలంలోదే. రెండో జాన్ పాల్ పోపు మరణించడానికి ముందురోజు, 2005 ఏప్రిల్ 1న, కార్డినల్ రాట్జింగర్ పునీత స్కొలాస్తిక మఠానికి వచ్చి యూరప్ విశ్వాసం గురించి ప్రసంగించారు. అదే నెల 19న పోపుగా ఎన్నికై బెనెదిక్తు అనే పేరును స్వీకరించారు.

రోముకు వచ్చే తెలుగువారు ఉదయాన్నే బయలుదేరితే రెండు మఠాలనూ ఒక్కరోజులో దర్శించుకోవచ్చు. మధ్యాహ్నం కొన్ని గంటలు తలుపులు మూస్తారు కనుక ముందు పైనున్న గుహకు వెళ్లి, తరువాత కిందికి దిగుతూ స్కొలాస్తిక మఠం చూడడం మంచిది. మెట్లు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లకు చేయి ఆసరా ఇచ్చేవారు వెంట ఉండాలి. రాత్రి ఉండగలిగితే స్కొలాస్తిక మఠం అతిథిగృహంలో ముందుగా చెప్పి బస చేసి, సన్యాసుల సంధ్యా ప్రార్థనలో పాల్గొనండి.