న్యూటౌన్ క్రీక్‌లో ఆగని ఇంజను

ఇంగ్లండు దక్షిణ తీరంలోని హాంబుల్ నదిలోంచి మేం బయటపడేసరికి మధ్యాహ్నం 12 అయింది. మే నెల, శనివారం. సోలెంట్ జలసంధిలో నీరు ఒక లెక్క ప్రకారం నడుస్తుంది. పోర్ట్స్‌మత్‌లో పోటు నిండడానికి ఇంచుమించు గంట ముందే ఇక్కడ ప్రవాహం పడమటికి మళ్లుతుంది. దాని మీద పోతే ఐల్ ఆఫ్ వైట్ ఉత్తరపు ఒడ్డున ఉన్న న్యూటౌన్ క్రీక్‌ అనే చిన్న కయ్యకి మూడు గంటలు చాలు. మాది 28 అడుగుల పాత తెరచాప బోటు, 1970ల నాటిది, నలుగురం కలిసి కొనుక్కున్నాం. ఆ రోజు వచ్చింది నేనూ, పోర్ట్స్‌మత్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా బావమరిదీ. వాడికి తెరచాప బోటు ఎక్కడం అదే మొదటిసారి.

గాలి వాయవ్యం నుంచి వీస్తోంది. కాల్షాట్ దాటాక ఇంజను ఆపి తెరచాపలు ఎత్తాం. అప్పుడే ఇంజను ఆపే స్టాప్ హ్యాండిల్ కాస్త బిగుతుగా అనిపించింది. రెండో లాగుడుకి ఆగింది కదా అని వదిలేశాను. వదిలెయ్యకుండా ఉండాల్సింది.

న్యూటౌన్ ముఖద్వారం సన్నగా ఉంటుంది. బయటే తెరచాపలు దించి, మళ్లీ ఇంజను వేసుకుని నెమ్మదిగా లోపలికి వెళ్లి తెల్ల బోయాకి, అంటే బోట్లు కట్టడానికి నీటి మీద తేలే గుండుకి, తాడు కట్టాం. చుట్టూ బురద మేటలు, పక్షులు, నాలుగైదు బోట్లు. ఎవరి మాటా వినపడనంత ప్రశాంతంగా ఉంది. మా ఇంజను మాత్రం టకటకలాడుతోంది. ఇంగ్లీషు T ఆకారంలో ఉన్న ఆ ఎర్ర స్టాప్ హ్యాండిల్ పట్టుకుని లాగాను. సగం వచ్చి బిగుసుకుపోయింది. ఇంజను కాస్త మందగించిందే గానీ ఆగలేదు.

"బావా, తాళం తిప్పేద్దామా?" అన్నాడు మావాడు, చెయ్యి అప్పుడే తాళం మీద పెట్టి.

"వద్దు, ముట్టుకోకు" అన్నాను, కాస్త గట్టిగానే.

ఇలాంటి పాత డీజిల్ ఇంజనుకి తాళంతో పని స్టార్టు చెయ్యడం వరకే. ఇందులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండర్లో గాలిని ఇంచుమించు ఇరవయ్యో వంతుకి నొక్కేసరికి పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. కరెంటు తీసేసినా దానికి పట్టదు. నూనె అందినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. పైగా ఇంజను తిరుగుతుండగా తాళం తీసేస్తే బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోవచ్చు. డీజిల్ పంపు నుంచి సిలిండర్లోకి నూనె పోకుండా కట్టెయ్యడమే దీన్ని ఆపే పద్ధతి. స్టాప్ హ్యాండిల్ లాగితే కేబుల్ రెండో చివర పంపు పక్కనున్న చిన్న లివర్ కదులుతుంది, నూనె ఆగుతుంది. సైకిల్ బ్రేకు వైరు పనే ఇదీ.

ఈ సంగతి నాకు బోటు కోర్సులో చెప్పకముందే తెలుసు. మాది చినగంజాం. మా నాన్న ఉప్పు మడులకి ఆయిల్ ఇంజనుతో నీళ్లు తోడేవారు. దాన్ని ఆపడానికి తాళమూ లేదు, హ్యాండిలూ లేదు. వంగి, పంపు దగ్గరి లివర్ని బొటనవేలితో నొక్కి పట్టుకోవడమే. మూడో క్లాసులో ఉండగా ఆ పని నాకు అప్పగించారు.

లైఫ్ జాకెట్ తీసేశాను. దాని పట్టీలు తిరిగే బెల్టులో పడితే ప్రమాదం. మెట్లు పక్కకి జరిపి, ఇంజను మీది మూత ఎత్తి టార్చి వేశాను. చిటికెన వేలంత లివర్. బెల్టుకి దూరంగా, పక్కనుంచి చెయ్యి పెట్టి నొక్కాను. నాలుగైదు సార్లు ఊపిరి తీసుకున్నట్టు కొట్టుకుని ఇంజను ఆగింది. ఇంజను ఆగితే మోగే ఆయిల్ ప్రెషర్ అలారం కుయ్యిమంది. అప్పుడు చెప్పాను మావాడికి, "ఇప్పుడు తిప్పు తాళం."

తర్వాత నేనొక తప్పు చేశాను. వదులవుతుందేమోనని హ్యాండిల్ని బలంగా లాగాను. ఇంకో అంగుళం బయటికి వచ్చింది. ఇక లోపలికి పోలేదు. పొద్దున చూద్దాంలే అనుకున్నాను.

సాయంత్రం గాలితో ఊదిన చిన్న పడవ వేసుకుని ఒడ్డుకి వెళ్లాం. న్యూటౌన్ ఇప్పుడు నాలుగిళ్ల పల్లె. ఒకప్పుడు రేవు పట్నం. 1832 వరకు పార్లమెంటుకి ఇద్దరు సభ్యుల్ని పంపేదంటే నమ్మబుద్ధి కాదు. ఆనాటి టౌన్ హాలు చెట్ల మధ్య ఒంటరిగా మిగిలింది. నీళ్ల పక్కన నడుస్తుంటే గట్లు కనిపించాయి, పాత ఉప్పు మడుల ఆనవాళ్లు. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. గాలి చల్లగా ఉందన్న మాటే గానీ, ఆ వాసన మా ఊరిదే. ఉప్పు గాలికి మా ఇంట్లో తలుపు గొళ్లాలు కూడా ఏడాదికొకసారి మార్చేవాళ్లం. ఆ బిగుసుకుపోయిన కేబుల్‌కి ఏమై ఉంటుందో అక్కడే సగం అర్థమైంది.

పొద్దున 9కి బయల్దేరాలి. ఆలస్యమైతే 12 ప్రాంతంలో ప్రవాహం మళ్లీ ఎదురు తిరుగుతుంది. తాళం తిప్పాను. స్టార్టర్ చలాకీగా తిప్పుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. పది సెకన్లు, ఆగి ఇంకో పది సెకన్లు. వెనక గొట్టంలోంచి పొగ లేదు, తెల్లపొగ కూడా లేదు. తెల్లపొగ వస్తే నూనె అందుతోంది గానీ అంటుకోవడం లేదని అర్థం. అసలేమీ రాకపోతే నూనే అందడం లేదు. టెన్షన్‌లో మూడోసారి తిప్పబోతూ ఆగాను.

బోటు ఇంజను సంగతి తెలియనివాళ్లకి ఇది చెప్పి తీరాలి. స్టార్టర్ తిప్పినంతసేపూ సముద్రపు నీటి పంపు కూడా తిరుగుతుంది. చల్లబరచే ఆ నీరు ఎగ్జాస్టు గొట్టంలోకే వెళ్తుంది. ఇంజను నడుస్తుంటే పొగ దాన్ని బయటికి తోసేస్తుంది. నడవకపోతే సైలెన్సర్ నిండి, నీరు వెనక్కి ఎక్కి సిలిండర్లలోకి చేరవచ్చు. అప్పుడు పాడయ్యేది కేబుల్ కాదు, ఇంజనే. అందుకే ముందు అడుగున ఉన్న నీటి కవాటం మూసేశాను.

మళ్లీ మూత ఎత్తి చూస్తే కారణం ఎదురుగానే ఉంది. నిన్న నేను లాగిన కేబుల్ లివర్ని ఆపే వైపుకే పట్టి ఉంచింది. కేబుల్ బిగించిన చిన్న స్క్రూ వదులు చేసి, వైరుని లివర్ నుంచి విడదీశాను. లివర్ని వేలితో తోస్తే హాయిగా వెళ్లింది, వదిలితే స్ప్రింగు లాగి టక్కున వెనక్కి వచ్చింది. అంటే పంపులో ఏ లోపమూ లేదు. తప్పంతా కేబుల్‌దే. లివరే బిగుసుకుని ఉంటే విషయం వేరుగా ఉండేది, అది నేను విప్పే పని కాదు.

లివర్ చివర రంధ్రానికి సన్నని తాడు కట్టి, బెల్టుకి తగలకుండా పక్కనుంచి పైకి తెచ్చి మావాడి చేతికిచ్చాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వెంటనే నీటి కవాటం తెరిచి, వెనక గొట్టంలోంచి నీరు చిమ్ముతోందో లేదో చూసుకున్నాక గానీ బోయా తాడు విప్పలేదు. తిరుగు ప్రయాణం తూర్పుకి నడిచే ప్రవాహంతో సాఫీగా సాగింది. కౌస్ దగ్గర ఫెర్రీకి దారి ఇచ్చి పక్కకి తప్పుకోవడం తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. హాంబుల్‌లో మా చోట తాళ్లు కట్టాక మావాడు ఆ సన్నతాడు లాగాడు. ఇంజను ఆగింది.

కేబుల్‌కి మందు చీరాల మెకానిక్కుల దగ్గర చూసిందే. స్కూటర్ క్లచ్ వైరు బిగుసుకుంటే వాళ్లు పైచివర పాలిథిన్ కవరు కట్టి అందులో ఆయిలు పోసి వేలాడదీస్తారు. నేనూ అలాగే పై చివర విప్పి, కవరు చుట్టి టేపు వేసి, పల్చటి నూనె పోసి రాత్రంతా వదిలాను. బాగున్న కేబుల్ అయితే తెల్లారేసరికి కింది చివర నూనె బొట్లు కడుతుంది. మాకు ఒక్క బొట్టూ రాలేదు. మధ్యలో ఎక్కడో మూసుకుపోయింది.

పాత కేబుల్ చివర దారం కట్టి బయటికి లాగాను, కొత్తది అదే దారిలో వెళ్లడానికి. వెనక సీటు కింద అరలోంచి పోయేచోట పైతొడుగు బొటనవేలంత మేర చిట్లి ఉంది. లంగరు గొలుసు పెట్టేది అక్కడే, దాని ఒరిపిడి. అరలోకి చేరిన ఉప్పునీరు ఆ చీలికలోంచి లోపలికి దిగింది. అక్కడ వంచి చూస్తే ఇటుక పొడిలాంటి తుప్పు అరచేతిలో రాలింది. లోపలి వైరు సగానికి సగం సన్నబడింది. నూనెతో సరిపెట్టుకుని మళ్లీ బిగించి ఉంటే ఏ ఇరుకు రేవులోనో తెగి ఉండేది.

పాతదాన్ని కొలతకి తీసుకెళ్లి అంతే పొడవున్న కొత్త కేబుల్ తెచ్చాం. ఈసారి దారి మార్చి, గొలుసుకి దూరంగా, ఎక్కడా గట్టిగా వంపు తిరగకుండా అమర్చాం. కింద స్క్రూ బిగించే ముందు హ్యాండిల్ పూర్తిగా లోపలికి ఉందా, లివర్ నడిచే వైపు చివరికంటా ఉందా అని రెండుసార్లు చూశాను. అక్కడ కాస్త తేడా వచ్చినా ఆగదు, లేదా స్టార్టు కాదు.

చివరి పరీక్ష మావాడే చేస్తానన్నాడు. ఇంజను పది నిమిషాలు నడవనిచ్చి హ్యాండిల్ లాగాడు. ఒక్క లాగుడుకే ఆగింది. అలారం మోగింది, తాళం తిప్పాడు. మెట్లు దిగబోయినవాడు వెనక్కి వచ్చి, హ్యాండిల్ని అరచేత్తో లోపలికంటా నొక్కాడు.