పిడికెడు వడ్లు, ఒక మాట

వైశాఖ శుద్ధ తదియ, పర్లాకిమిడి, ఒడిశా

మా వీథి చివరనున్న ఒడియా రైతు, మేమంతా భాయినా అని పిలుచుకునే పెద్దాయన, నిన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి "మాష్టారూ, రేపు మా పొలంలో అనుకూళ, మీరు తప్పకుండా రావాలి" అని చెప్పి వెళ్లారు. ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చిన తొలి ఏడాది ఈ మాటే విని, నాకు వీలవుతుందా అని అడుగుతున్నారనుకొని, అనుకూలమేనండీ అని బదులిచ్చాను. తెలుగులో అనుకూలం వీలును, కలిసిరావడాన్ని చెబుతుంది. ఇక్కడి ఒడియా ఇళ్లలో అదే మాట శుభకార్యాన్ని మొదలుపెట్టడం.

తెల్లవారుతుండగా మడి దగ్గరకు చేరేసరికి, కొత్త బట్టలు కట్టుకున్న ఇంటిల్లిపాదీ కొత్త గంపలో విత్తనపు వడ్లు పెట్టుకొని సిద్ధంగా ఉన్నారు. భాయినా లక్ష్మీదేవికి మొక్కుకొని, తొలి పిడికెడు తీసి, నేలకు బాగా వంగి చల్లారు. దీన్ని అఖి ముఠి అనుకూళ అంటారు. అఖి అంటే అక్షయ తృతీయ, ముఠి అంటే పిడికిలి. పూరీలో జగన్నాథుని రథాలు చేయడం మొదలయ్యేదీ ఈ అక్షయ తృతీయనాడే. మన ఏరువాక జ్యేష్ఠ పున్నమికి వస్తుంది. మనం నాగలితో మొదలుపెడితే వీరు విత్తనంతో మొదలుపెడతారు, ఆ తేడా నాకు ఎంతో ఇష్టం.

తిరిగి మహేంద్రతనయ నది గట్టు వెంబడి నడుస్తుండగా ఆ మాటే మనసులో మెదిలింది. సంస్కృతంలో కూలం అంటే ఒడ్డు. ఒడ్డును అనుసరించి సాగేది అనుకూలం, ఎదురు తిరిగేది ప్రతికూలం. ఏ పనినైనా ఏటి వాలు చూసుకొని మొదలుపెట్టే మనుషుల నోట ఈ మాటకు ఆరంభమన్న అర్థం ఎంత చక్కగా అమరిందో!

ఇంటికి రాగానే పాతపట్నం నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. బట్టల దుకాణం తెరుస్తున్నాడు, ఆహ్వానపత్రికలో దుకాణ ఆవిష్కరణ అని వేయించబోతున్నాడు. మూసి ఉన్నదాన్ని వెలికి చూపడం ఆవిష్కరణ కనుక అది విగ్రహానికో, పుస్తకానికో తగుతుంది, దుకాణానికి ప్రారంభోత్సవం చాలునని చెప్పాను. అయితే అంకురార్పణ అంటే గంభీరంగా ఉంటుంది కదా అన్నాడు.

ఆ మాట దగ్గర నేను తేలికగా సరేననలేను. తిరుమల బ్రహ్మోత్సవాలలో ధ్వజారోహణానికి ముందు శ్రీవారి సేనాధిపతి విష్వక్సేనుడు ఊరేగింపుగా వెళ్లగా పుట్టమన్ను తెస్తారు, దాన్ని పాలికలనే మట్టి పాత్రలలో నింపి రాత్రివేళ నవధాన్యాలు చల్లి మొలకెత్తిస్తారు. మన పెళ్లిళ్లలో వధూవరులు పాలికలలో నవధాన్యాలు చల్లి నీళ్లు పోసేదీ ఈ సంప్రదాయమే. మొలక లేకపోతే అది అంకురార్పణ ఎలా అవుతుంది? ఈ రోజుల్లో ప్రతి పథకానికీ, ప్రతి భవనానికీ అంకురార్పణ చేశారని వ్రాస్తుంటే, ఆ మట్టివాసనంతా మాటలోంచి ఆవిరైపోయినట్లు నాకు బాధ కలుగుతుంది.

"విత్తనం ఏదిరా?" అని అడిగాను.

వాడు కాసేపు ఊరుకొని, "పంతులుగారితో చెప్పి ముందురోజు రాత్రి పాలికలు పెట్టిస్తాను మామయ్యా, అప్పుడు వేయించవచ్చునా?" అన్నాడు.

వేయించమన్నాను.