గుంట పోయాక అడగాల్సిన ప్రశ్న

రొయ్యల గుంటకి వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలిందంటే మూడు నుంచి పది రోజుల్లో అంతా అయిపోతుంది. రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే మేత వేసింది వేసినట్టే ఉంటుంది. రొయ్యలు గట్టువారకి వచ్చి నీరసంగా తేలుతుంటాయి. తల మీది పెంకు ఒలిచి వెలుతురుకి పట్టి చూస్తే తెల్లటి చుక్కలు. ఇందుకూరుపేట, అల్లూరు వైపు రైతులకి ఇది చెప్పక్కర్లేదు. సాయంత్రం పరామర్శకి వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని "పోయిందేదో పోయింది లే అబ్బయ్యా, అంతా మన మంచికే" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటతో ఆ మనిషి ఇంకా ఒంటరివాడవుతాడు. తన నష్టానికి అర్థమేంటో పక్కవాళ్లే తేల్చేశారు మరి.

బతుకుకి అర్థమేంటన్న ప్రశ్నతో పనిచేసే అస్తిత్వవాద మానసిక చికిత్స ఆ పని చేయదు. అందులో ఒక శాఖ, అర్థం వెతుక్కోవడం మీద నడిచే లోగోథెరపీకి పునాది వేసిన విక్టర్ ఫ్రాంకల్ వియన్నాలో వైద్యుడు. 1942లో నాజీలు ఆయన్ని కుటుంబంతో సహా శిబిరానికి పంపారు. 1945లో విడుదలై వియన్నాకి తిరిగొచ్చేసరికి తల్లిదండ్రులు, సోదరుడు, భార్య ఎవరూ మిగల్లేదు. అంత అనుభవించిన మనిషి కూడా ఒక షరతు పెట్టాడు: తప్పించుకోగలిగిన బాధని ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు, ముందు దాని కారణాన్ని తీసెయ్యాలి. అర్థం సంగతి ఆ తర్వాత మిగిలే బాధ దగ్గరే.

అందుకే మొదటి రోజు పని చాలా మామూలుగా ఉంటుంది. ఒక తెల్లకాగితాన్ని నిలువుగా మడుస్తారు. ఎడమవైపు మార్చగలిగేవి: అప్పు వాయిదాల గురించి బ్యాంకుతో మాట్లాడటం, మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వేసే ముందు వాటికి వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ టెస్టు చేయించడం, నిద్రకి డాక్టరును కలవడం. కుడివైపు మార్చలేనివి. ఈ గీత సరిగ్గా పడకపోతే తర్వాతి పనంతా వంకర పోతుంది. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్లతో నడుం బిగుసుకుపోయిన ఒకామె ఉందనుకోండి. బిగిసిన కీళ్లు కుడివైపుకి వస్తాయి, అవి వెనక్కి రావు. ఆ ఇంట్లో పిల్లలు ఇప్పుడు తాగుతున్న నీళ్లు మాత్రం ఎడమవైపుకే రావాలి. మంచినీళ్ల కోసం నిలదీయాల్సిన చోట కూర్చుని అర్థం వెతుక్కోమనడం అన్యాయం. ఈ చికిత్స పేరుతో జరిగే తప్పుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే.

బాధ ఎక్కడ నొక్కుతోందో కూడా చూడాలి. అమెరికా మానసిక వైద్యుడు ఇర్విన్ యాలమ్ 1980లో నాలుగు మూలాలు చెప్పాడు: మరణం, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థశూన్యత. గుంట పోయిన రైతుని నిద్రపోనీయనిది డబ్బే కాకపోవచ్చు. "టెస్టు చేయించకుండా సీడ్ వదిలింది నేనే గదా" అన్న ఆలోచన కావచ్చు. అది స్వేచ్ఛకి సంబంధించిన బాధ, అంటే నిర్ణయం నాదే అన్న బరువు. దాన్ని "నీ తప్పేం లేదు" అని తుడిచెయ్యకూడదు. అతని వాటా ఎంత, వైరస్ వాటా ఎంత అని ఓపిగ్గా విడదీయాలి.

అర్థం దొరికే దారులు ఫ్రాంకల్ లెక్కలో మూడు: చేసే పని, ప్రేమించే మనిషి లేదా ఆస్వాదించే అనుభవం, తప్పని బాధ ఎదుట మనం నిలబడే తీరు. మూడోది ఎలా బయటపడుతుందో ఒక ఊహా సంభాషణలో చూడండి.

"ఇట్టా నాకే ఎందుకయిందో చెప్పండి సార్."

"నాకు తెలియదన్నా. గుంట పోయిన ఆ వారం మీరేం చేశారు?"

"ఏం చేస్తా. ఆ నీళ్లు కాలవలోకి వదల్లా. బ్లీచింగ్ కొట్టి వారం నిలబెట్టా."

"ఎందుకని?"

"కింద నాలుగు గుంటలుండాయి గదా. వాళ్లయి కూడా పోతాయి."

ఇక్కడ కౌన్సిలర్ నోరు మెదపకూడదు. "చూశారా, ఇదే మీ బాధకి అర్థం" అన్నాడా, ఆ అర్థం కౌన్సిలర్‌ది అయిపోతుంది, అరుగు మీది పరామర్శకి దీనికి తేడా ఉండదు. అర నిమిషమైనా ఆగాలి. తను చేసిన పనిని తనే వినడానికి ఆ మనిషికి అంత సమయం పడుతుంది. "నాకే ఎందుకు?" అన్న ప్రశ్నకి జవాబు దొరక్కపోయినా, "ఇప్పుడు నా వల్ల ఏమవుతుంది?" అన్నదానికి అతను అప్పటికే జవాబు చెప్పేసి ఉన్నాడు.

తొందరపడటం ఇంకో పొరపాటు. చావు జరిగిన ఇంట్లో పెద్దకర్మ కూడా కాకముందే ఈ ప్రశ్నలు ఎత్తకూడదు. అప్పుడు పక్కన కూర్చోవడమే పని. నిద్ర రాదేమోనన్న భయంతోనే నిద్ర పట్టనివాళ్లకి "ఈ రాత్రి మెలకువగా ఉండటానికే ప్రయత్నించండి" అని చెప్పే పద్ధతి ఒకటుంది. భయం సడలి నిద్ర దానంతటదే వస్తుంది. అయితే చనిపోవాలన్న ఆలోచన ఉన్నవాళ్ల విషయంలో ఆ ఆలోచన మీద ఈ కిటుకు ఎప్పుడూ వాడకూడదు. అలాంటి ఆలోచన వచ్చినా, రెండు వారాలు దాటి దేనిమీదా ఆసక్తి లేకుండా దిగులు వదలకపోయినా ముందు మానసిక వైద్యుణ్ని కలవాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చూస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మందులు, ఈ చికిత్స రెండూ కలిసి నడవొచ్చు.

ఎన్నిసార్లు వెళ్లాలని అడుగుతుంటారు. న్యూయార్క్‌లో విలియం బ్రైట్‌బార్ట్ బృందం ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ల కోసం తయారుచేసిన పద్ధతిలో ఒక్కొక్కరితో అయితే గంట చొప్పున ఏడుసార్లు, గుంపుగా అయితే గంటన్నర చొప్పున ఎనిమిదిసార్లు కూర్చుంటారు. మన దగ్గర చాలామంది రెండోసారికే ఆగిపోతారు, అప్పటికి ఎడమవైపు జాబితా మాత్రమే కదిలి ఉంటుంది. అందుకని ఆ మడిచిన కాగితాన్ని ఇంటికిచ్చి పంపి, వచ్చే వారం తెమ్మనడం మేలు. కుడివైపు రాసిన ఒక్కోదాని కింద రెండు గీతల జాగా వదలమని చెప్పాలి.